రేకుల కింద సెక్షన్ లక్ష్మి

మండపేటలో సీతారామలక్ష్మి అంటే ఎవరికీ తెలీదండీ. సెక్షన్ లక్ష్మి అనాలి. అప్పుడు లారీ డ్రైవరు దగ్గర్నుంచి కొళాయి వదిలే మనిషి దాకా అందరూ "ఓహో, ఆవిడా!" అని ముందో నవ్వు నవ్వి, తరవాత దారి చూపిస్తారు.

బస్సు స్టాపులో ఆపకుండా నాలుగడుగులు ముందుకెళ్ళి ఆపితే, "ఏ రూలు ప్రకారం నాయనా?" అని కండక్టర్ని నిలదీసే మనిషి. కొళాయి అరగంట ఆలస్యంగా వదిలితే మునిసిపాలిటీకి కాయితం పెట్టే మనిషి. పోనీ కోపిష్టా అంటే కాదు, ఆవిడది నమ్మకం. రాజమండ్రిలో ఒక లాయరుగారి దగ్గర పదకొండేళ్ళు టైపు కొట్టింది. చట్టమనేది ఎక్కడో ఒకచోట ఇంగ్లీషులో రాసి ఉంటుందనీ, వెతికే ఓపికుండాలే గానీ మనిషికొచ్చే ప్రతి కష్టానికీ అందులో ఒక నంబరుంటుందనీ ఆవిడ గట్టిగా నమ్మింది. పిచ్చి తల్లి!

సొంతూరు కోనసీమలో అమలాపురం పక్కన. పెళ్ళయింది. ఆ పెళ్ళికొడుకు ఒకనాడు సంచీ భుజాన వేసుకుని "కాశీకెళ్ళొస్తా" అన్నాడు. పదహారేళ్ళయింది, ఇంకా వస్తూనే ఉన్నాడు. ఆ ఒక్క విషయంలో మాత్రం ఆవిడ ఏ సెక్షనూ వెతకలేదు. లాయరుగారు కాలం చేసి ఆఫీసు మూతపడ్డాక, పినతండ్రి వరసయ్యే సూర్యప్రకాశంగారు ఆవిణ్ణి మండపేట తీసుకొచ్చి, తను పనిచేసే లారీ ఆఫీసులోనే టైపిస్టుగా పెట్టించాడు. ఆ మేలు ఆవిడ ఏ రోజూ మర్చిపోలేదు. కథంతా అక్కడే ఉంది.

ఆ ఆఫీసు గురించి చెప్పాలి. యజమాని దొరబాబుగారి బియ్యం గోడౌను మీద అటకలాగా కట్టారు. కింద బస్తాలు, పైన చెక్కల నేల, ఆ పైన సిమెంటు రేకులు. చెయ్యెత్తితే రేకు తగులుతుంది. వేసవిలో ఎవరూ చెయ్యెత్తరు లెండి. పడమటి వైపు ఒకటే కిటికీ. ఫ్యానుంది గానీ, అది తిరిగితే రేకుల వేడంతా తెచ్చి నెత్తిన దిమ్మరిస్తుంది, పైగా బల్లమీద రసీదులన్నీ లేచి ఎగిరిపోతాయి. అందుకని ఫ్యాను అవసరమైన నాలుగు నెలలూ దాన్ని ఆపే ఉంచుతారు. పోనీ నాలుగు చెంబుల నీళ్ళు చల్లుకుందామా అంటే, చెక్కల సందులోంచి చుక్క జారితే కింద బియ్యం ముక్కిపోతుంది. మనుషులు మగ్గితే ఫర్వాలేదు, బియ్యం మగ్గకూడదు. మిల్లుల్లో సరుకు బస్తాలకెక్కేసరికి మధ్యాహ్నమవుతుంది, లారీలు పొద్దుగుంకే లోపల కదలాలి. కాబట్టి కాయితాల పనంతా సరిగ్గా పన్నెండుకీ నాలుగుకీ మధ్యే.

ఆ కాయితాలు రాసేది సూర్యప్రకాశంగారు. హెడ్ గుమస్తా. యాభై ఏడేళ్ళు. ఇరవై ఎనిమిదేళ్ళుగా అదే కుర్చీ. ఆయన రాత చూసి డ్రైవర్లు చదవడం రాకపోయినా "బావుందండీ" అనేవాళ్ళు. మనిషి మహా మర్యాదస్తుడు. కరెంటు తియ్యడానికి స్తంభమెక్కినవాణ్ణి కిందికి పిలిచి, కాఫీ తాగించి, "ఇంక తియ్యి నాయనా" అన్న రకం. ఆయన గుమ్మం దాటి ఎవరైనా మంచినీళ్ళు తాగకుండా వెళ్ళారంటే ఆ పూట ఆయనకి అన్నం సయించేది కాదు.

ముందటేడు వేసవిలో ఆయన ఆ కుర్చీలోంచే పక్కకి ఒరిగి పడిపోయాడు. వడదెబ్బ. మూడు రోజులు సెలైన్లు ఎక్కించారు. లేచి కూర్చున్నాక డాక్టరుగారు ఆయన ముందే లక్ష్మితో చెప్పారు: "ఈసారి బయటపడ్డారు. ఇంకోసారి ఇలాగైతే నా దగ్గరికి తీసుకురావడం కూడా దండగమ్మా. మధ్యాహ్నాలు ఆ రేకుల కింద కూర్చోనివ్వకండి."

ఆయన నవ్వి, "డాక్టరుగారికి కాఫీ చెప్పావా లక్ష్మీ?" అన్నాడు.

ఇక రెండువేల మూడు వేసవి వచ్చింది. అబ్బ, తలుచుకుంటేనే ఒళ్ళు మండుతుంది! బళ్ళకి ఒంటిపూట పెట్టారు. కాలువలు కట్టేశారు. మే పదో తారీఖుకల్లా కాకులు కూడా పన్నెండు దాటితే అరవడం మానేశాయి. ఆఫీసు గోడకి ఎరువుల కంపెనీవాళ్ళిచ్చిన ఉష్ణమాపకం ఒకటి వేలాడుతుండేది. రెండున్నరకి లక్ష్మి దాన్ని చూస్తే నలభై నాలుగు. ఇంకో పదిహేను రోజుల్లో రోహిణి కార్తె. రోహిణికి రోళ్ళు పగులుతాయంటారు. రోళ్ళ సంగతి తరవాత, ముందు ఈ మనిషేమైపోతాడు అని ఆవిడ సూర్యప్రకాశంగారి బల్ల దగ్గరికెళ్ళింది.

"నాలుగు వారాలు సెలవు పెట్టండి బాబాయిగారూ," అంది.

"పెట్టి ఇంట్లో ఏం చేస్తానమ్మా? జీతం మాట అటుంచు, నా రాత లేకపోతే లారీ కదుల్తుందా?" అన్నాడాయన.

సరే, దొరబాబుగారి దగ్గరికెళ్ళింది. ఆయన చెడ్డవాడు కాదండీ, అదే చిక్కు. చెడ్డవాడైతే తిట్టుకోవచ్చు. లక్ష్మిని కూర్చోబెట్టి, కొబ్బరి బోండాం కొట్టించి, తాగేదాకా ఆగి అప్పుడడిగాడు.

"చెప్పండి లక్ష్మిగారూ."

"సెలవులిచ్చేదాకా పిల్లల బళ్ళకి ఒంటిపూట పెట్టారు కదండీ. రోహిణి వెళ్ళేదాకా మనాఫీసుకీ అలా పెట్టండి. పొద్దున్న ఆరు నుంచి పదకొండు, మళ్ళీ సాయంత్రం కావలిస్తే అయిదింటికొస్తాం. సూర్యప్రకాశంగారి సంగతి మీకు తెలుసు."

"తెలవదాండీ! ఆయన నాకు పెద్దన్నగారి లెక్క. కానీ లారీలకి ఒంటిపూట ఉండదు కదండీ. నేనొక్కణ్ణీ మారిస్తే సరుకు పక్కాఫీసుకి పోతుంది. రూలేదైనా ఉంటే చెప్పండి, అందరికీ ఒకటే అంటే నాకూ ఇబ్బంది లేదు."

రూలుంటే చెప్పమన్నాడా! సెక్షన్ లక్ష్మితోనా! ఆదివారం మొదటి బస్సుకి రాజమండ్రి వెళ్ళిపోయింది.

పాత లాయరుగారి జూనియరు ఇప్పుడు సొంతంగా ప్రాక్టీసు చేస్తున్నాడు. పుస్తకాలు ముందేసి, "చూసుకోండి మేడం" అన్నాడు. ఆవిడ మూడు గంటలు చూసింది. ఫ్యాక్టరీల చట్టంలో పదమూడో సెక్షను దొరికింది. పనిచేసే గదిలో గాలి ఆడాలి, మనిషికి ఓ మాదిరి సుఖంగా ఉండేంత వేడిమే ఉండాలి, ఆరోగ్యం చెడకూడదు. ఆవిడకి ప్రాణం లేచొచ్చింది.

"మరింకేం బాబూ! ఉంది కదా!"

"మీది ఫ్యాక్టరీ కాదు కదండీ. పక్కన మిల్లు ఫ్యాక్టరీ. మీది ఆఫీసు. మీకు షాపుల చట్టం. అందులో గాలీ వెలుతురూ ఉండాలన్నారు, అంతే."

"ఎన్ని డిగ్రీలు దాటితే పని ఆపాలని ఉంది?"

"డిగ్రీల మాటే లేదండి."

"నలభై అయిదుకి కూడానా?"

"మీరు నీళ్ళు మరిగేదాకా వెళ్ళినా లేదండి."

ఆవిడ పుస్తకం మూసి తన వేళ్ళకేసి చూసుకుంది. ఎన్ని వేల పేజీలు కొట్టింది ఈ చేతుల్తో! కోడిపందేనికి సెక్షనుంది, గేదె పక్కవాడి చేలో పడితే సెక్షనుంది. కుర్చీలో కూర్చున్న మనిషి ఉడికిపోతే మాత్రం నంబరు లేదు. ఆవిడకి మొట్టమొదటిసారి చట్టం మీద కోపమొచ్చింది. ఇంట్లోవాళ్ళే మోసం చేసినట్టనిపించింది.

ఆవిడ మొహం చూసి జూనియరు జాలిపడ్డాడు. "ఒక దారుందండి. కాకినాడ లేబరాఫీసుకి కాయితం పెట్టండి. ఆఫీసరు వచ్చి చూస్తాడు. ఈ గది పనికిరాదని ఆయన రాస్తే మీ యజమాని సరిచెయ్యాల్సిందే. అంకె లేదు కాబట్టి ఆయన కంటికి ఏం కనబడితే అదే చట్టం."

గుడ్డికన్నా మెల్ల నయం కదా. సోమవారం పొద్దున్నే తన మిషను మీదే కాయితం కొట్టింది. రెండున్నరకి గదిలో నలభై నాలుగని రాసింది. సంతకం పెట్టమంటే సూర్యప్రకాశంగారు చేతులు వెనక్కి కట్టేసుకున్నాడు. "యజమాని మీద కాయితమా! ఆయన పెళ్ళికి నేను వడ్డించానమ్మా" అన్నాడు. తనొక్కతే పెట్టింది.

మన అదృష్టం బాగుండి జవాబు వారంలోనే వచ్చింది. మే ఇరవై రెండు, గురువారం, మధ్యాహ్నం రెండు గంటలకి ఆఫీసరు శశిభూషణ్‌గారు వస్తారు. దొరబాబుగారికీ ఒక ప్రతి. ఆయన ఆ వేసవిలో మొదటిసారి అటక మెట్లెక్కి, తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ నిలబడ్డాడు.

"నా మీద కోపమా లక్ష్మిగారూ?"

"మీ మీద కాదండీ, రేకుల మీద."

ఆయన పైకి చూశాడు. "నిజమేనండోయ్, మండిపోతోంది! సరేనండీ. ఆ రోజు నేను తణుకులో పెళ్ళికెళ్తున్నాను. మీరే చూపించండి, ఉన్నదున్నట్టు. ఆయన గనక బాగోలేదని రాస్తే ఆ కాయితం పెట్టుకుని పక్కాఫీసులవాళ్ళందరితోనూ మాట్లాడతాను. ఆ మర్నాటి నుంచే ఒంటిపూట. సరేనా?"

మాట మీద నిలబడే మనిషే ఆయన. లక్ష్మికి ఏనుగెక్కినంత సంబరమైంది. ఆఫీసర్ని సూర్యప్రకాశంగారి కుర్చీలోనే కూర్చోబెట్టాలి. రెండు నుంచి రెండున్నర దాకా. నోరు తెరిచి ఒక్క మాట చెప్పక్కర్లేదు. ఆ కుర్చీయే చెబుతుంది. రోహిణి ఇరవై ఐదున. మూడు రోజుల ముందే గండం గడిచిపోతుంది.

గురువారం మామూలుగా పదికి పావు తక్కువకి ఆఫీసుకొచ్చింది. మెట్ల దగ్గరే వాసన తగిలింది, తడిసిన వట్టివేళ్ళ వాసన. ఎంత బావుందో! పైకెక్కితే ఒళ్ళంతా చల్లగా తగిలింది. రెండు నిమిషాలు ఆవిడ మనసు కూడా చల్లబడి, చిన్నపిల్లలా నవ్వు మొహం పెట్టుకుని నిలబడింది. తరవాత కళ్ళు చూడ్డం మొదలుపెట్టాయి.

కిటికీకి వట్టివేళ్ళ తడికలు. తలుపుకి వట్టివేళ్ళ తడికలు. అవి దొరబాబుగారింట్లోవి. స్టూలు మీద ఆయనింటి బల్ల ఫ్యాను. రేకుల మీద జంగు జంగున ఏదో చప్పుడు. అటెండరు రాముడు రేకుల మీద వరిగడ్డి పరిచి బిందెలతో నీళ్ళు పోస్తున్నాడు. కింద బస్తాల మీద టార్పాలిన్ కప్పారు. ఇక హెడ్ గుమస్తాగారి కుర్చీలో తెల్ల చొక్కా వేసుకున్న పెద్దమనిషి కూర్చుని, అల్లం కరివేపాకు వేసిన మజ్జిగ తాగుతున్నాడు.

"రా అమ్మా రా! శశిభూషణ్‌గారు," అన్నాడు సూర్యప్రకాశంగారు వెలిగిపోతూ. "నిన్న ఫోన్ చేశాను. మధ్యాహ్నం రెండింటికి ఆ బస్సుల్లో ఏం పడొస్తారండీ, పొద్దున్నే చల్లపూట వచ్చెయ్యండి అన్నాను. పాపం ఆయనకి బీపీ కూడా ఉందట. దొరబాబుగారింట్లో అడిగి ఈ తడికలు తెప్పించాను."

లక్ష్మి ఆయన్ని మూలకి లాక్కెళ్ళి, "ఏంటండీ బాబాయిగారూ ఇది?" అంది గొంతు అణుచుకుని.

ఆయన కంగారుపడిపోయాడు. "ఏంటమ్మా? ఏం తక్కువైంది?"

ఏం చెప్తుందండీ ఆ మనిషికి? పై ఊరి నుంచి ఒక పెద్దమనిషి మన కోసం ఎండన పడి వస్తుంటే ఆ గదిని అలాగే ఉంచడమా, హవ్వ! ఆయన బుర్రకి ఆ ఊహే రాదు. మనవాళ్ళెవరి బుర్రకీ రాదు. ఆవిడ సంగతి మాత్రం ఏంటి? ఆఫీసరుగారి గ్లాసు ఖాళీ అవడం చూసింది. చూసి, ఆవిడ చేతులే కుండలో గరిటె ముంచి రెండోసారి మజ్జిగ పోశాయి.

పోశాక అడిగేసింది. "సార్, రోజూ ఇలా ఉండదండీ. ఈ తడికలూ నీళ్ళూ మీరొస్తున్నారని పెట్టారు. మధ్యాహ్నమైతే ఇక్కడ కూర్చోలేమండి."

శశిభూషణ్‌గారు మంచివాడే. చేతిలో గ్లాసు కింద పెట్టాడు. "చూసింది రాయగలనమ్మా, చూడంది రాయడానికి నాకు లేదు. రెండింటిదాకా ఉండమంటే ఉంటాను. మీరే చెప్పండి."

ఉండండి. మూడక్షరాలు. అంతే కావాలి. ఆ మాట ఆవిడ నాలుక చివరికొచ్చింది.

"అయ్యయ్యో!" అన్నాడు సూర్యప్రకాశంగారు. "రెండింటికి ఈ అటక మీదా? వద్దండీ బాబూ, మనిషి నిలవలేడండీ! ముందటేడు నేనే పడిపోయానిక్కడ. మా ఇంటికి రండి, అక్కడ పెంకుటిల్లు, చల్లగా ఉంటుంది. మా ఆవిడ అప్పుడే మామిడికాయ పప్పు పడేసింది."

విన్నారా? ఆ గది గురించి చెప్పాల్సిన సాక్ష్యమంతా చెప్పేశాడు. పక్కనే ప్రభుత్వం మనిషి కూర్చున్నాడు. కానీ అది ఫిర్యాదుగా చెప్పలేదు, మర్యాదగా చెప్పాడు. మర్యాదని ఎవరు రాసుకుంటారండీ?

లక్ష్మి ఆఫీసరు మొహం చూసింది. చెవుల పక్కన జుట్టు నెరిసింది. చొక్కా వీపంతా బస్సు చెమట. బీపీ మనిషి. రెండింటిదాకా ఇక్కడ కూర్చోబెట్టాలి. కూర్చోబెట్టి ఉడకెయ్యాలి. ఆయన చూస్తున్నాడు. బాబాయిగారు చూస్తున్నాడు.

"భోజనం చేసి వెళ్ళండి సార్," అంది.

అంతేనండీ. అక్కడితో అయిపోయింది. మనిషి జీవితంలో తప్పుడు మాటలు చాలా మాట్లాడుతుంది గానీ, ఇంత మంచి మాట ఇంత తప్పవడం నేనెక్కడా చూళ్ళేదు.

"మిషనుంది కదా, రిపోర్టు ఇక్కడే కొట్టేసుకుందామా అమ్మా?" అన్నాడు ఆఫీసరు. ఆయన చెప్పాడు, ఆవిడ కొట్టింది. గది చల్లగా ఉన్నది. గాలి ధారాళంగా ఆడుతున్నది. గోడనున్న ఉష్ణమాపకము ముప్ఫై ఒక డిగ్రీలు చూపుచున్నది. పనివారికి అసౌకర్యము కనబడలేదు. మూడు కార్బన్లు పెట్టి, ఒక్క తప్పు లేకుండా కొట్టింది. ఆ ముప్ఫై ఒకటి కొట్టేటప్పుడు వేలు ఒకసారి ఆగింది. కానీ గోడ మీద అదే ఉంది మరి.

మధ్యాహ్నం రెండింటికి శశిభూషణ్‌గారు సూర్యప్రకాశంగారి వసారాలో మడతమంచం మీద ఓ కునుకు తీశాడు. నాలుగింటికి గుమ్మడి వడియాల పొట్లం చేతిలో పెట్టి బస్సెక్కించారు.

సాయంత్రానికే తడికలు విప్పేశారు. ఎంత టార్పాలిన్ కప్పినా రెండు బస్తాలు తడిశాయి. బీడీ నిప్పు పడితే గోడౌనంతా పోతుందని వరిగడ్డి దింపించేశారు. శుక్రవారం దొరబాబుగారు తణుకు నుంచొచ్చి రిపోర్టు చదివి, నిజంగానే సంతోషపడ్డాడు. "బాగానే ఉందన్నారు కదండీ! నేనేమో అనవసరంగా భయపడ్డాను. ఇక నేను ఒంటిపూటంటే పక్కవాళ్ళు నవ్వుతారండీ." ఎత్తిపొడుపు కాదు. ప్రభుత్వం బాగుందంటే బాగున్నట్టే అనుకునే మనిషి. మాట తప్పాడనడానికీ లేదు.

ఆవేళే సూర్యప్రకాశంగారు ఆవిడ బల్ల దగ్గరికొచ్చి, "నేనేమైనా తప్పు చేశానా లక్ష్మీ?" అన్నాడు.

"లేదు బాబాయిగారూ," అంది. ఇంకేమంటుంది? ఆ రోజు ఇంటికెళ్ళి అన్నం వండుకోలేదు. తలుపేసుకుని ఏడ్చింది. ఆయన మీద కోపం, దానికన్నా ఎక్కువ తన మీద. ఊళ్ళో కండక్టర్లందరినీ నిలదీశావు కదే, ఒక్క మనిషిని "ఉండండి" అనలేకపోయావా అని తనని తానే తిట్టుకుంది.

రోహిణి వచ్చింది. ఆ ఏడు వచ్చిన రోహిణి గురించి మండపేటలో ఇప్పటికీ చెప్పుకుంటారు. రోజూ ఎవరో ఒకరు పోయారన్న కబురే. రోడ్డు మీద తారు చెప్పులకంటుకునేది. అటక మీద ఉష్ణమాపకం నలభై ఆరు దాటాక లక్ష్మి దాన్ని చూడ్డం మానేసింది.

తనకి చేతనైనవన్నీ చేసింది. తడి తువ్వాలు ఆయన నెత్తిన వేసేది, పది నిమిషాల్లో ఎండిపోతే మళ్ళీ తడిపేది. నిమ్మకాయ, ఉప్పు, పంచదార వేసి చెంబుడు నీళ్ళు పక్కన పెట్టేది. పన్నెండవగానే బతిమాలి ఇంటికి పంపి, రసీదులు తనే టైపు కొట్టేది. అరగంటలో ఆయన మళ్ళీ గొడుగేసుకుని వచ్చేసేవాడు. "డ్రైవర్లు కింద నిలబడి ఉంటారమ్మా, వాళ్ళని ఎండలో ఎలా ఉంచడం?" అనేవాడు. ఒకరోజు మెట్లకి అడ్డంగా నిలబడింది కూడా. "తప్పుకో అమ్మా, నాకు తల తిరుగుతోంది, కూర్చోవాలి" అన్నాడు. తప్పుకుంది.

మే ముప్ఫై ఒకటి, శనివారం. రెండూ ఇరవై. ఆయన రాస్తూ రాస్తూ ఆపాడు. లక్ష్మి తలెత్తి చూసింది. మొహం ఎర్రగా, పొడిగా ఉంది. అప్పటిదాకా కారుతున్న చెమట ఒక్క చుక్క లేదు. ఆవిడకి అర్థమైపోయింది.

"బాబాయిగారూ!"

"ఆయన భోంచేశాడా?" అన్నాడు.

"ఎవరండీ?"

"కాకినాడ నుంచొచ్చాడే, ఆయన. వడ్డించారా? పెరుగు వెయ్యమను."

అంటూనే ఒరిగిపోయాడు. రాముడూ, ఇద్దరు డ్రైవర్లూ కలిసి ఆ ఇరుకు మెట్ల మీద నుంచి దింపారు. ఒళ్ళు పట్టుకుంటే చెయ్యి కాలింది. ఆస్పత్రిలో మంచాలు లేక వరండాలో పడుకోబెట్టారు. ఆయన భార్య, లక్ష్మి పిన్నిగారు, వచ్చి విసనకర్రతో విసురుతూ కూర్చుంది. అయిదూ పదికి డాక్టరుగారొచ్చి ఆవిడ చేతిలోంచి విసనకర్ర నెమ్మదిగా తీసుకున్నారు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు దొరబాబుగారు అప్పుడు కారు నిండా ఐసు గడ్డలు వేసుకొచ్చాడు. ఆ ఐసు అలాగే ఆస్పత్రి గుమ్మంలో కరిగిపోయింది.

పదో రోజు దాటాక వడదెబ్బకి పోయినవాళ్ళ లెక్క రాయడానికి సర్కారు మనుషులొచ్చారు. లక్ష్మి పిన్నిగారి తరఫున వెళ్ళింది. పిన్నిగారికి ఏ సాయమూ అక్కర్లేదు, "పోయినాయన ఎలాగూ రాడు" అని మంచం దిగలేదు. కావలసింది లక్ష్మికి. ఆఫీసులో, కుర్చీలో కూర్చుని, వేడికి పోయాడని సర్కారు కాయితం మీద ఒక్క ముక్క పడాలి. పడితే వచ్చే వేసవికి కాకినాడ నుంచి మళ్ళీ రావాల్సి వస్తుంది. అప్పుడు రెండింటికే రమ్మంటుంది. ఆ కుర్చీలోకి అప్పుడే ముప్ఫై ఏళ్ళ కొత్త గుమస్తా వచ్చేశాడు. వాడికి ఇద్దరు పిల్లలు.

లెక్క రాసే ఆయన పెద్దవాడు, ఓపికస్తుడు. అడిగాడు.

"ఎండలో పనిచేస్తూ పోయారాండీ?"

"నీడలోనండి. ఆఫీసులో."

"నీడలో వడదెబ్బేంటండీ? ఆస్పత్రివాళ్ళు గుండె ఆగిందని రాశారు."

"పోయినవాళ్ళెవరికైనా గుండె ఆగుతుంది కదండీ. ఆ గది నలభై ఆరుందండి. నేను రోజూ చూశాను."

ఆయన దయగానే తల పంకించాడు. కట్టలోంచి ఒక కాయితం తీశాడు. దొరబాబుగారి ఆఫీసు గురించి అడిగితే కాకినాడ నుంచి పంపించారట. మే ఇరవై రెండో తారీఖు రిపోర్టు. కళ్ళజోడు పెట్టుకుని మొదటి నుంచి చివరి దాకా పైకి చదివాడు. గది చల్లగా ఉన్నది. గాలి ధారాళంగా ఆడుతున్నది.

"మీరుండగానే రాశారా ఇది?"

"నేనే టైపు చేశానండి."

ఆయన కళ్ళజోడు తీసి ఆవిడకేసి చూశాడు. నిజంగా సాయం చేద్దామనే ఉంది ఆయన మొహంలో. "ఇది అబద్ధమని మీరంటే నేనలాగే రాస్తానమ్మా. ఆలోచించి చెప్పండి. అబద్ధమా?"

రాజమండ్రిలో పదకొండేళ్ళు, మండపేటలో తొమ్మిదేళ్ళు, ఆవిడ జరగనిది జరిగిందని ఎప్పుడూ కొట్టలేదు. ఒక్క అక్షరం కూడా.

"కాదండీ," అంది లక్ష్మి. "ఆ పూట చల్లగానే ఉందండి."

ఆయన తల ఊపి, తరవాతి మనిషిని పిలిచాడు.